అత్త తప్పెట ఆపించే చోటు

మా అత్త పోయింది. అత్త అంటే మా నాయనకు అక్క. కొత్తూరు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను చింతామణిలో మా అంగట్లో కూర్చుని ఎవరిదో పెళ్ళి జాకెట్టుకు చేతులు కుడుతున్నాను. ఫోను చేసింది అత్తకు పక్కింటాయన, ఊరికి పెద్దమనిషి, నాకు వరసకు చిన్నప్ప.

"పొద్దున్నే పోయిందమ్మా. బాధేమీ పడలేదు. అయితే రాత్రి నుంచి ఒకటే మాట. ఆపమను, ఆపమను అంటానే ఉండాది. ఏం ఆపాల్నో మాకు తెలీలేదు. ఫ్యాను ఆపినాము. టీవీ ఆపినాము. చేన్లో బోరు మోటారు గూడా ఆపిచ్చినాము. అయినా అదే మాట" అన్నాడు.

ఏం ఆపాలో ఆయనకు తెలీదు. నాకు తెలుసు. ఆ ఊళ్ళో అప్పుడు తప్పెట మోగడం లేదని, అది మోగే కాలమే కాదని కూడా తెలుసు. మరి రాత్రంతా ఆమె చెవిలో మోగిందేమిటి? కత్తెర ఎక్కడ పెట్టానో తెలియకుండా లేచి బాగేపల్లి బస్సెక్కాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ మెత్తటి మనిషి అని రాస్తారు. మా అత్త మెత్తటి మనిషి కాదు. ఆమె నోటికి బాగేపల్లి సంతలో కూరగాయలమ్మేవాళ్ళు కూడా జడిసేవాళ్ళు. అయితే ఒక వింత. ఎంత కోపం వచ్చినా గొంతు పెంచేది కాదు. తిట్టే తిట్లన్నీ పక్కనున్నవాళ్ళ చెవిలో రహస్యం చెప్పినట్టు తిట్టేది. అరిచి తిడితే మనమూ అరవచ్చు, గొణిగి తిడితే ఏం చేస్తాం? మా మామ అందుకే సగం జీవితం వీధి అరుగు మీదే గడిపేశాడు. దగ్గు వచ్చినా బయటికి పోయి దగ్గేవాడు పాపం.

వేసవి సెలవుల్లో నన్ను అత్త ఊరికి పంపించేవాళ్ళు. ఆ ఇంట్లో గిన్నె కింద పెడితే చప్పుడు కాకూడదు. సంగటి కెలికే కట్టె కుండకు తగలకూడదు. తలుపు బందులకు వారానికోసారి ఆముదం పోసేది. నేను పరుగెత్తుకుంటూ లోపలికి వస్తే చాలు, "ఏమే, దున్నపోతులు తొక్కినట్ల ఆ నడకేంది? నేలకు నొప్పి పుట్టదా?" అని గొణిగేది. లోపలి గదిలో ఎవరో నిద్రపోతున్నారని నేను అనుకునేదాన్ని. ఒకరోజు అత్త చేనికి పోయినప్పుడు తలుపు తోసి చూశాను. రాగుల మూటలు, ఒక పాత పెట్టె. పైన దూలానికి ఉయ్యాల కట్టే కొక్కెం. దాని మీద బూజు లేదు. ఇల్లంతా వెతికితే ఎక్కడో ఒక మూల బూజు దొరికేది కానీ ఆ కొక్కెం మాత్రం తుడిచినట్టు ఉండేది. ఎందుకో నాకు భయమేసి తలుపు మళ్ళీ దగ్గరికి వేసేశాను.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఏటికి అడ్డంగా ఆనకట్ట కట్టారు, ఊరు మునిగింది. జనం వాకిళ్ళు, కిటికీలు, దూలాలు, చివరికి గడప రాళ్ళు కూడా పెరికి ట్రాక్టర్లకెత్తుకుని ఈ గట్టుకు వచ్చి కొత్తూరు కట్టుకున్నారు. ఊరమ్మవారిని ఎక్కడ పెట్టాలని పూవు అడిగితే, అమ్మవారు తన మీది పూవును అవతలి గట్టు వైపు రాల్చింది. ఇంకేం చేస్తారు? మనుషులు ఈ పక్క, దేవత ఆ పక్క, మధ్యలో సముద్రమంత నీళ్ళు. కొంతకాలానికి, ఎండలకు నీళ్ళు కొంత వెనక్కి జరిగినప్పుడు పునాదులు తవ్వి, బస్సులు తిరగడానికి ఆ నీళ్ళ మీద పెద్ద బ్రిడ్జి కట్టారు.

ఆ బ్రిడ్జి కట్టే రోజుల్లోనే మా అత్త పరువు పోయిందని మా వాళ్ళందరూ అన్నారు. కలిగిన రైతింటి కోడలు పునాదుల దగ్గర మట్టి మోసే కూలికి పోయింది మరి! నెత్తిన చుట్టకుదురు, దాని మీద గంప. ఆ మాట విని మా నాయన మా ఊరు పాతపాళ్యం నుంచి సైకిలు తొక్కుకుంటూ పోయి ఆమెతో కొట్లాడాడు. "నీకేం తక్కువైంది అక్కా? జనం నా మొగాన ఉమ్మతాండారు" అన్నాడు. "పనిచేసేదానికి సిగ్గేమిరా? నువ్వు తిని పో" అని సంగటి పెట్టిందట. మామ మాత్రం ఒక్క మాట అనలేదు. రోజూ మధ్యాహ్నం ఆమెకు క్యారియరు తీసుకుపోయి, గుంత పక్కన కూర్చుని, ఆమె తిన్నాక తీసుకొచ్చేవాడు. పునాదులు నిండగానే ఆమె పని మానేసింది. ఆ తర్వాత ఎవరి చేలోకీ కూలికి పోలేదు. దురాశ అని కొందరు, పిచ్చి అని కొందరు అనుకున్నారు.

బ్రిడ్జి అయ్యాక ఆ ఏడాది నుంచే అమ్మవారి దగ్గరికి నడక మొదలైంది. వానలు నిలిచి నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు, ఒక మంగళవారం, మునిగిన ఊరి జనమంతా కొత్తూరి దగ్గర చేరుతారు. బెంగుళూరులో ఉన్నవాళ్ళు, చిక్కబళ్ళాపురంలో ఉన్నవాళ్ళు, ఎక్కడెక్కడికో కోడళ్ళుగా పోయినవాళ్ళు, అందరూ వస్తారు. ఆడవాళ్ళు తంబిట్టు దీపాలు నెత్తిన పెట్టుకుంటారు. బియ్యప్పిండి, బెల్లం కలిపి ముద్ద చేసి, దానికి గుంట చేసి నెయ్యి పోసి, వత్తి పెట్టిన దీపాలవి. ముందు తప్పెట్లు, వెనక దీపాలు, ఆ వెనక మగవాళ్ళు. పొద్దు వాలే వేళకు బ్రిడ్జి దాటి అమ్మవారి దగ్గరికి చేరాలి. అంతసేపూ రెండు పక్కలా బస్సులూ లారీలూ ఆగిపోయి హారన్లు కొడుతూ ఉంటాయి.

నీళ్ళ మీద గాలి ఊరుకుంటుందా! దీపాలు ఆరిపోతాయి. ఆరిన దీపాన్ని అగ్గిపుల్లతో వెలిగించకూడదు, పక్కింటివాళ్ళ దీపంతోనే వెలిగించుకోవాలి. పక్కింటివాళ్ళతో పదేళ్ళుగా మాటల్లేకపోయినా సరే, తల వంచి పోవలసిందే. అక్కడ చూడాలి ఆ మొహాలు!

ఇంకొక ఆచారం ఉంది. బ్రిడ్జి పిట్టగోడ మీద ప్రతి ఇంటికీ ఒక చోటు ఉంది. అక్కడ ఆగి, గడపకు పెట్టినట్టు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతారు. కింద సరిగ్గా అక్కడే తమ ఇల్లు మునిగి ఉందని నమ్మకం. వీధి వరస తప్పకుండా ఇల్లు పక్కన ఇల్లు. "మీ బొట్టు మా వాకిట్లోకి వచ్చింది, అట్ల జరుగు" అని పిట్టగోడ దగ్గర కొట్లాడుకున్నవాళ్ళను నేను కళ్ళారా చూశాను.

నేను మొదటిసారి ఆ నడకకు పోయింది అత్త పోరు పడలేకే. "చింతామణిలో కూర్చోని గుడ్డముక్కలు కత్తిరించేది ఎప్పుడూ ఉండేదే. ఒక్కరోజు వస్తే అరిగిపోతావా?" అంది. పోయాను. అత్త వాళ్ళ ఇంటి చోటు వచ్చింది. పసుపు గిన్నె నా చేతికిచ్చి "నువ్వే పెట్టు" అని తలెత్తకుండా ముందుకు పోయింది. నీళ్ళ వైపు చూడనే లేదు. నేను పిట్టగోడ మీద నుంచి వంగి చూస్తుంటే వెనక్కి వచ్చి కొంగు పట్టి లాగింది. "నీళ్ళను ఊరికే అట్ల చూడొద్దు మే. పలకరించినట్లయితాది. మళ్ళా జవాబొస్తే ఏం చేస్తావు?" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

బ్రిడ్జి సగం దాటాక తన దీపం తీసి నా నెత్తిన పెట్టింది. గబగబా నడిచి తప్పెట్ల ముందుకు పోయి చేయి పైకెత్తింది. తప్పెట్లు ఆగిపోయాయి. జనం మాటలు కూడా ఆగిపోయాయి. అప్పటిదాకా గోలగోలగా ఉన్న చోట ఉన్నట్టుండి కాళ్ళ చప్పుడు, కింద స్తంభాలకు నీళ్ళు తగిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కొంతదూరం అట్లా నడిచాక ఆమె చేయి దించింది, మళ్ళీ తప్పెట మోగింది.

మొదటి ఏడు తల తిరుగుతోందని ఆపించిందట. రెండో ఏడు చెవిపోటన్నది. ఆ తర్వాత ఎవరూ కారణం అడగలేదు, అది ఆచారమైపోయింది. ఆచారం కాగానే కారణాలు వాటంతట అవే పుట్టాయి. అక్కడ నీళ్ళలో పెద్ద పాముందని ఒకరు. చప్పుడుకు బ్రిడ్జి అదురుతుందని ఇంజనీరింగు చదివే పిల్లలు. ఆ చోట అమ్మవారు ఊపిరి తీసుకుంటుందని చిన్నప్ప. ఇవన్నీ అత్త చెవిన వేస్తే "అవునా, అట్లనా" అని విని, నాకు మాత్రమే కనిపించేటట్టు పెదవి విరిచేది.

తర్వాత కొన్నేండ్లకు వానలు మొండికేశాయి. నీళ్ళు తగ్గి తగ్గి, ఒక ఎండాకాలం ఊరు బయటపడింది. ఎంత సంబరమో! తిరనాళ్ళకు పోయినట్టు చిత్రాన్నాలు కట్టుకుని జనం దిగారు. మొండిగోడల మధ్య నిలబడి ఫోటోలు తీసుకున్నారు. అప్పుడు చిన్నప్ప తన ఇంటి మొండిగోడ పక్కన నిలబడి తలెత్తి చూశాడు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. బ్రిడ్జి ఎక్కడో దూరంగా, ఊరికి సంబంధం లేకుండా పోతోంది. దాని కింద ఉన్నది బీడు, ఆ బీడు పక్కన ఊరి శ్మశానం.

"అంటే ఇన్నేండ్లు మనం యాడ పసుపు పెట్టినట్ల?" అన్నాడు చిన్నప్ప.

ఆ సాయంత్రం జనం చప్పుడు లేకుండా ఇళ్ళకు పోయారు. మళ్ళీ నీళ్ళు వచ్చిన ఏడు నడకలో మాత్రం ఎవరి చోట వాళ్ళు ఆగి పసుపు పెట్టారు, మామూలుగానే కొట్లాడుకున్నారు. అలవాటైన గడపను వదులుకోవడం ఎవరి తరం?

నేను చెప్పవలసింది ఆ ఎండాకాలం సంగతే. ఆ రోజు అందరూ ఊళ్ళో ఉంటే అత్త కనబడలేదు. వెతుక్కుంటూ పోతే బ్రిడ్జి కింద, ఒక స్తంభం మొదట్లో, నెర్రెలిచ్చిన మట్టి మీద కూర్చుని ఉంది. అరచేయి స్తంభానికి ఆనించి ఉంది. పక్కన సగం మట్టిలో కూరుకుపోయిన తిరగలి రాయి.

"ఇంత ఎండలో ఈడేం చేస్తాండావత్తా? అన్నానికి పిలుస్తాండారు" అన్నాను.

"మెల్లగా మాట్లాడు మే. నిద్రపోతాండాది."

"ఎవరు?"

"మీ వదిన."

నాకు వదిన లేదు. అత్తకు పిల్లలు లేరు. మా ఇంట్లో నేను పుట్టినప్పటి నుంచి విన్నది అదే. ఎండ దెబ్బ తగిలిందేమోనని భయపడి పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పింది. నేను పుట్టకముందు ఆమెకొక ఆడపిల్ల. బోర్లాపడి, పాకడం నేర్చి, ఇల్లంతా తిరుగుతూ కనబడిన గిన్నెనల్లా లాగి పడేసేదట. మూడు పూటల జ్వరం, అంతే. శ్మశానంలో ఓ మూల పూడ్చి, నక్కలు తవ్వకుండా మామ ఇంట్లో తిరగలి పైరాయి తెచ్చి పెట్టాడు. ఆ తర్వాత ఇద్దరూ ఆ పేరు ఎత్తలేదు.

"ఊరు ఖాళీ చేసేటప్పుడు అందరూ అన్నీ ఎత్తుకోనిరి. నా బిడ్డను ఎట్ల ఎత్తుకొనేది? పూడ్చిన బిడ్డను తవ్వగూడదనిరి పెద్దోళ్ళు. సరే, నీళ్ళే గదా, చల్లగా ఉంటాది అనుకొంటిని. మళ్ళా బ్రిడ్జి అనిరి. గుర్తు కట్టెలు నాటిరి. వచ్చి చూస్తే, సరీగా ఈ రాయి కాడనే నాటిండారు."

తిరగలి రాయి మీది మట్టి అరచేత్తో తుడిచింది.

"పరాయోళ్ళు తవ్వేటప్పుడు నేనన్నా ఆడ ఉండాల గదా మే. కూలికి పోతిని. ప్రతి గంపలో చూస్తిని. మట్టే. అంతా మట్టే. ఒక గంపలో మాత్రం నల్లగా, మెత్తగా వచ్చె. దాన్ని పారబోయలేదు. మీ మామ తుండుగుడ్డతో కప్పుకోని కూర్చోనె. కాంక్రీట్ పోసేటప్పుడు, మేస్త్రీ చూడకుండా, మళ్ళా గుంతలోనే వేస్తిని."

రోజూ క్యారియరు తీసుకుపోయిన మామ గుర్తొచ్చి నాకు ఏడుపు ఆగలేదు. అత్త నన్ను కోప్పడింది, అదీ గొణుగుతూనే.

"ఏడవాకు. లేస్తాది. ఇంత బ్రిడ్జిని నెత్తిన పెట్టుకోనుండాది పాపం. బస్సులు పోతాండాయి, లారీలు పోతాండాయి. వాటిని నేను ఆపలేను. ఏడాదికొకసారి తప్పెటన్నా ఆపుతా."

ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే ఊరుకుంటారా మన జనం? వచ్చి ఆడ పసుపు పూస్తారు. కర్పూరం వెలిగిస్తారు. టెంకాయలు కొడతారు. ఆ చప్పుడుకు బిడ్డ ఉలిక్కిపడదా? నువ్వూ చెప్పాకు" అంది. చెప్పనన్నాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను కానీ, మునిగింది ఏ ఊరో, అది ఏ స్తంభమో చెప్పడం లేదు. ఆమెకు కావలసింది అదే అనుకుంటున్నాను.

పోయిన ఏడు నడకకు అత్త కట్టె పట్టుకుని వచ్చింది. చేయి పైకెత్తేటప్పుడు కట్టె నాకిచ్చి నా భుజం పట్టుకుంది. తిరిగి వచ్చేటప్పుడు "వచ్చే ఏడు నువ్వు ముందర నడువు మే. నాకు చాతగాదు" అంది. "నీకేమత్తా, నూరేండ్లుంటావు" అన్నాను. అందరూ అనే మాటే నేనూ అన్నాను. ఆమె నా చేయి గట్టిగా పట్టుకుని "నేను నవ్వులకు చెప్పల్యా" అంది.

ఈ ఏడు నడకకు నేను పోయాను. పెళ్ళై వేరే ఇంటికి పోయినదాన్ని కాబట్టి నాకు మైల తీరిందని చిన్నప్ప ఒప్పుకున్నాడు. అత్త దీపం నా నెత్తిన పెట్టుకున్నాను. తీరా చూస్తే పాత తప్పెట్లవాళ్ళు లేరు. వాళ్ళు పనుల కోసం బెంగుళూరు పోయారట, ఎక్కడి నుంచో కొత్తవాళ్ళను పిలిపించారు. బలమైన మనుషులు. మంట దగ్గర కాచిన తప్పెట్లు. ఒక్కో దెబ్బకు నా గుండె అదిరింది. బ్రిడ్జి ఎక్కినప్పటి నుంచి నాకు ఒకటే దిగులు, నేను ఆపమంటే వీళ్ళు ఆపుతారా అని.

సగం దాటాక దీపం పక్కావిడ చేతికిచ్చి పరుగులాంటి నడకతో ముందుకు పోయి చేయి ఎత్తాను. నన్ను చూసి చిన్నవాళ్ళు తడబడ్డారు. వాళ్ళ పెద్ద మాత్రం ఆపలేదు, కొడుతూనే నా పక్కకు వచ్చాడు.

"ఏంటికమ్మా? దీపాలు పోతా ఉంటే నడిమధ్యలో తప్పెట ఆపగూడదు. అమ్మవారికి కోపమొస్తాది. మా నాయన కాలం నుంచీ ఎప్పుడూ ఆపల్యా మేము."

పాముందని చెప్పొచ్చు. తల తిరుగుతోందని చెప్పొచ్చు. నోటికి ఏ అబద్ధమూ రాలేదు. కాళ్ళ కింద బ్రిడ్జి అదురుతోంది.

"మా వదిన నిద్రపోతాండాదప్పా" అన్నాను, అతనొక్కడికే వినబడేటట్టు.

అతను నా నెరిసిన జుట్టు వైపు చూశాడు. చుట్టూ చూశాడు. "వదినా? యాడ? పెద్దామెనా?" అన్నాడు.

"లేదప్పా. ఇప్పుడిప్పుడే పాకతాండాది."

అతని చేతిలో పుల్ల గాలిలోనే ఆగిపోయింది. నా కాళ్ళ కేసి, పిట్టగోడ కేసి, అవతల నీళ్ళ కేసి చూశాడు. అరచేయి తప్పెట మీద ఆనించి దాని మోతను అదిమేశాడు. తన వాళ్ళ వైపు తిరిగి కళ్ళతోనే చెప్పాడు. ఒక్కొక్క తప్పెటా ఆగిపోయింది. తర్వాత వంగి చెప్పులు విడిచి చేత పట్టుకున్నాడు. అది చూసి అతని వెనకున్నవాళ్ళు కూడా విడిచారు.

నడిచాము. అన్నేసి కాళ్ళు, అంత మెల్లగా. మనసు తేలికపడింది. చెయ్యగలిగానులే అనుకున్నాను.

కొంతదూరం పోయాక అతను నా దగ్గరికి వచ్చి, పసిబిడ్డ ఉన్న ఇంట్లో మాట్లాడినట్టు, "ఇంగ కొట్టొచ్చా అమ్మా?" అన్నాడు.

నేను వెనక్కి చూశాను. ముందుకు చూశాను. పిట్టగోడ అంతా ఒకటే మాదిరి ఉంది. అత్త ప్రతి ఏడూ ఎక్కడో ఒక చోట చేయి దించేది. ఎక్కడ దించేదో నేను ఏనాడూ చూసుకోలేదు. ఎంత దూరం పోతే ఆ బిడ్డకు వినబడదో తల్లికి తెలుసు. నాకేం తెలుసు?

"ఇంకొంచెం పోనీ అప్పా" అన్నాను.

మరికొంత దూరానికి మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. బ్రిడ్జి అయిపోయింది. అవతలి గట్టు వచ్చింది. ఆగిన బస్సులు కూడా ఎందుకో హారను కొట్టలేదు. గుడి వాకిట్లో హారతి పళ్ళెం పట్టుకున్న పూజారి, తప్పెట లేకుండా వస్తున్న మమ్మల్ని చూసి బిత్తరపోయి నిలబడ్డాడు. దీపాలు మోస్తున్న ఆడవాళ్ళందరూ నా వెనక ఆగారు. తప్పెటాయన పుల్ల ఎత్తి పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు. నా చేయి ఇంకా పైనే ఉంది.